బోడికాలికీ మోకాలి ప్యాడ్‌కీ ముడి

పోయిన నెల కొండదారుల్లో సైకిల్ తొక్కేవాళ్ళ మోకాలి నొప్పుల గురించి రాస్తూ, చివర్లో "ప్యాడ్లు లేకుండా కొండ దిగకండి" అని ఒక మాట అన్నాను. వచ్చిన ఉత్తరాల్లో నొప్పుల ఊసే తక్కువ. ప్యాడ్ల గురించి సగం, కాళ్ళ మీద వెంట్రుకలు తియ్యాలా వద్దా అని మిగతా సగం! కొత్తగా చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను: మాది రాజమండ్రి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇసక్వా అనే ఊళ్ళో ఫిజియోథెరపిస్ట్‌గా పని చేస్తున్నాను. వారాంతాల్లో డూతీ హిల్ పార్కులోనో, టైగర్ మౌంటెన్ మీదో సైకిల్ తొక్కుతుంటాను. చర్మ వైద్యురాలిని కాను. మోకాళ్ళ మీద మాత్రం కాస్త అధికారం ఉందనుకుంటాను.

అక్కా, మూడేళ్ళుగా రోడ్డు సైకిల్ తొక్కుతున్నాను. మా గ్రూపులో మగవాళ్ళందరూ కాళ్ళు షేవ్ చేసుకుంటారు, నేనూ చేసుకుంటున్నాను. ఈమధ్య మౌంటెన్ బైక్ కొన్నాను. ఇక్కడ ఒక్కడి కాళ్ళూ నున్నగా లేవు. నావి చూసి ఒకతను నవ్వాడు కూడా. మానెయ్యమంటారా? వచ్చే నెల అమ్మ ఇండియా నుంచి వస్తోంది. ఆవిడకేం చెప్పాలో అదో టెన్షన్. – సమామిష్ నుంచి ఒక పాఠకుడు

తమ్ముడూ, నవ్వినవాణ్ణి వదిలెయ్యండి. ముందు మీ రోడ్డు గ్రూపువాళ్ళు ఎందుకు తీస్తారో చూద్దాం. ఆ కారణాల్లో కొండకి పనికొచ్చేవి ఎన్నో మీకే తెలుస్తుంది.

మొదటిది గాలి: కాలు నున్నగా ఉంటే గాలి తక్కువ అడ్డుకుంటుందంటారు. 1987లో చెస్టర్ కైల్ అనే ఇంజనీరు దీన్ని కొలిచి, తేడా దాదాపు లేనట్టేనని తేల్చాడు. 40 కిలోమీటర్లకి అయిదు సెకన్లట. పాతికేళ్ళపాటు అందరూ అదే మాట చెప్పుకున్నారు. 2014లో స్పెషలైజ్డ్ అనే సైకిళ్ళ కంపెనీ తన సొంత విండ్ టన్నెల్లో (గాలిని వేగంగా వదిలి పరీక్షించే గదిలో), అసలు సిసలు మనిషి కాళ్ళని షేవింగ్‌కి ముందొకసారి, తర్వాతొకసారి పరీక్షించింది. అదే 40 కిలోమీటర్లకి సుమారు ఒక నిమిషం కలిసొస్తుందని లెక్క తేలింది. సైకిళ్ళు అమ్ముకునే కంపెనీ సొంత పరీక్ష కాబట్టి ఆ నిమిషాన్ని నేను కొంచెం తగ్గించుకునే వింటాను. సరే, నిజమే అనుకుందాం. ఆ లెక్క చదును రోడ్డు మీద ఒక్కడే వేగంగా తొక్కేవాడికి. టైగర్ మౌంటెన్ ఎక్కేటప్పుడు మీ వేగం ఎంతుంటుంది? నా పక్కనుంచి నడిచి వెళ్ళేవాళ్ళు నాకు గుడ్ మార్నింగ్ చెప్పి ముందుకెళ్ళిపోతారు. ఆ వేగానికి గాలి మీ వెంట్రుకల్ని పట్టించుకోదు.

దిగేటప్పుడు వేగం ఉంటుందిగా అంటారు. ఉంటుంది. కానీ డౌన్‌హిల్ పోటీల్లో ఒంటికి అతుక్కునే లైక్రా బట్టలు వేసుకోకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, అదే యూసీఐ, నిబంధనే పెట్టింది. వదులు ప్యాంటు గాలికి పటపటలాడుతుంటే, దాని లోపల కాలు నున్నగా ఉంటే ఎంత, గరుకుగా ఉంటే ఎంత?

రెండోది మాలిష్. దీని మీద నేను మాట్లాడొచ్చు, నా వృత్తే అది. రోజుల తరబడి రేసులు చేసేవాళ్ళకి రోజూ సాయంత్రం కాళ్ళు పిసుకుతారు. దట్టమైన వెంట్రుకల మీద చెయ్యి పైకీ కిందికీ ఆడుతుంటే పీకుతుంది, మర్నాటికి కుదుళ్ళ దగ్గర ఎర్రగా పొక్కుతుంది కూడా. వాళ్ళకి షేవింగ్ సుఖమే. వారానికొకసారి తొక్కి, నెలకొకసారి నా దగ్గరికొచ్చే మీలాంటివాళ్ళకైతే నేను ఇంకో చెంచా నూనె ఎక్కువ పోస్తాను, సరిపోతుంది.

మూడోది గాయాలు. వెంట్రుకలు లేకపోతే దెబ్బ కడగడం తేలికనీ, ప్లాస్టర్ పీకినప్పుడు ప్రాణం పోదనీ అంటారు. ఈ రెండూ నిజమే. అక్కడితో ఆగకుండా "షేవ్ చేసిన కాలికి చీము పట్టదు" అని ఇంకో మెట్టెక్కుతారు. అక్కడ నేను ఒప్పుకోను. ఆపరేషన్‌కి ముందు రోగి వెంట్రుకల్ని రేజర్‌తో గియ్యొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గట్టిగా చెప్పింది. తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించమంది. రేజర్ చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పెడుతుంది, క్రిములు అందులో చేరతాయి. ఆపరేషన్ థియేటర్లోనే వద్దన్న పనిని, బురదలో దొర్లబోయే ముందు పొద్దున్నే బాత్రూంలో చేసి "ఇన్‌ఫెక్షన్ రాకుండా" అనడం నాకు మింగుడు పడదు.

నాలుగోది, ఎవరూ పైకి చెప్పనిది: "నేనూ మీ జట్టువాణ్ణే" అని కాలు చూపించి చెప్పడం. యూరప్ రోడ్డు రేసుల్లో అదొక సంప్రదాయం, నాకు దాని మీద చిన్నచూపేమీ లేదు. కాకపోతే మౌంటెన్ బైక్ పుట్టిల్లు వేరు. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ, టామల్పయిస్ కొండ పక్కన 1976 అక్టోబరులో జరిగిన మొదటి రీప్యాక్ రేసులో దిగినవాళ్ళు పాత బండ సైకిళ్ళేసుకుని జీన్స్ ప్యాంట్లతో, పనిబూట్లతో వచ్చారు. సుమారు రెండు మైళ్ళ దారిలో 1,300 అడుగులు కిందికి దిగాలి. చక్రం మధ్య హబ్బులో ఉండే బ్రేకు కాలి, గ్రీజు పొగై పోయేది. రేసవగానే మళ్ళీ గ్రీజు కూరాలి, ఇంగ్లీషులో రీప్యాక్ చెయ్యాలి. అందుకే ఆ దారికి ఆ పేరు. మౌంటెన్ బైక్‌కి ఆద్యులనిపించుకున్న జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అందరూ ఆ గుంపువాళ్ళే. అక్కడ కాళ్ళ నునుపు సంగతి ఎవరికి గుర్తుంటుంది? తర్వాత ఎక్కుతూ దిగుతూ సాగే క్రాస్ కంట్రీ పోటీ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో చేరింది. లైక్రా వేసుకుని, రోడ్డు మీద కూడా శిక్షణ చేసే ఆ రేసర్లలో చాలామంది షేవ్ చేస్తారు. డౌన్‌హిల్ వైపు వెళ్ళేకొద్దీ వెంట్రుకలూ పెరుగుతాయి, ప్యాడ్లూ పెరుగుతాయి.

కాబట్టి మానాలనుకుంటే మానండి, ఉంచాలనుకుంటే ఉంచండి. రెండింటి మధ్య దారి కావాలంటే గడ్డం ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకోండి. గాటు పడదు, ప్లాస్టరూ పీకదు. ఇక అమ్మగారి సంగతి. కొడుకు తిరుమలలో తలనీలాలిచ్చి గుండుతో వస్తే మురిసిపోయే తల్లి, కాళ్ళు చూస్తే కంగారు పడుతుంది, తప్పదు. "దెబ్బ తగిలితే కట్టు కట్టడానికి వీలుగా ఉంటుందమ్మా" అనకండి. దెబ్బ మాటెత్తితే సైకిలే దాచేస్తారు. "రేసువాళ్ళ పద్ధతమ్మా" అని ఊరుకోండి.

షేవ్ చేస్తే వెంట్రుకలు ఇంకా మందంగా, నల్లగా వస్తాయంటారు. భయంగా ఉంది. – హనుమకొండ నుంచి ఒక విద్యార్థి

రావు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త కొలిచి తేల్చేసిన సంగతిది. వెంట్రుక చివర సహజంగా సన్నగా ఉంటుంది, రేజర్ దాన్ని మధ్యలో తెగ్గొడుతుంది కాబట్టి కొత్తగా పైకొచ్చే మొన మొద్దుగా, చేతికి గరుకుగా తగులుతుంది. అంతే. గడ్డం త్వరగా రావాలని రోజూ గీసుకునే కుర్రాళ్ళకి కూడా ఇదే జవాబు.

మేడమ్, మా అబ్బాయికి పదిహేనేళ్ళు. స్నేహితులతో గండిపేట వైపు మట్టిదారుల్లో, ఎప్పుడైనా వికారాబాద్ అనంతగిరి కొండల్లో సైకిల్ తొక్కుతాడు. ఇంటికొచ్చేసరికి కాళ్ళ నిండా గీతలు, మోకాలి కింద ఎముక మీద రంధ్రాల్లాంటి దెబ్బలు. నా పాత క్రికెట్ ప్యాడ్లు కట్టుకోరా అంటే నవ్వుతున్నాడు. ఏం కొనాలి? – హైదరాబాద్ నుంచి ఒక తండ్రి

అబ్బాయి నవ్వడంలో తప్పు లేదండీ. క్రికెట్ ప్యాడ్ ఎదురుగా వచ్చే బంతి కోసం చేసింది. దాన్ని కట్టుకుని పెడల్ తొక్కితే మోకాలు వంగదు, అంచు తొడకి గుచ్చుకుంటుంది, పట్టీ పోయి చైన్‌లో ఇరుక్కుంటే అదొక ప్రమాదం. కానీ మీ ఆలోచన సరైన దిక్కులోనే ఉంది.

మీరు రాసిన రంధ్రాల్లాంటి దెబ్బలు ముళ్ళవి కావు. పెడల్‌వి. మౌంటెన్ బైక్‌కి వాడే ఫ్లాట్ పెడల్ మీద చెప్పు జారకుండా చిన్న చిన్న లోహపు పిన్నులుంటాయి. పాదం జారిందంటే పెడల్ గిర్రున తిరిగి కాలి ముందరి ఎముక మీద కొడుతుంది. అక్కడ చర్మానికీ ఎముకకీ మధ్య కండ లేదు, అందుకే ఆ నొప్పి నసాళానికి అంటుతుంది. దీనికి మందు సగం బూటులో ఉంది. మెత్తటి రన్నింగ్ షూస్ కాకుండా, అడుగు చదునుగా, రబ్బరు పట్టుగా ఉన్న బూట్లు వేసుకోమనండి. దిగుడులో మడమ కొంచెం కిందికి దించి తొక్కమనండి. మిగతా సగానికి ఖరీదైనదేమీ అక్కర్లేదు: ఫుట్‌బాల్ ఆడేవాళ్ళ షిన్ ప్యాడ్లు, వాటి మీద మోకాలి దాకా వచ్చే మందపాటి సాక్సులు. ఆట సామాను అమ్మే ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి.

మోకాలికి మాత్రం విడిగా ప్యాడ్లు కొనండి, ఇక్కడ పొదుపు చెయ్యొద్దు. రెండు రకాలుంటాయి. ఒకటి గుడ్డ తొడుగులాంటిది, లోపల మెత్తటి ప్యాడ్ ఉంటుంది. దానితో రోజంతా తొక్కొచ్చు. రెండోది పైన గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉన్నది. రాతి మీద పడ్డప్పుడు గుడ్డ పట్టుకుని ఆగిపోతుంది, ప్లాస్టిక్ జారిపోతుంది. జారితే దెబ్బ పంచుకుపోతుంది, ఆగితే మోకాలి దగ్గరే మెలిపడుతుంది. మీ హైదరాబాద్ గ్రానైట్ బండల మీద తిరిగే కుర్రాడికి, దిగుళ్ళు ఎక్కువైతే, ఈ రెండో రకమే నా ఓటు.

మెత్తటి రకంలో కూడా మామూలు స్పాంజి వేరు, డీత్రీఓ లాంటి పదార్థాలు వేరు. డీత్రీఓని 1999లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ పామర్ కనిపెట్టాడు. మొక్కజొన్న పిండి నీళ్ళలో చిక్కగా కలిపి వేలు మెల్లిగా పెడితే దిగుతుంది, గుద్దితే గట్టిపడుతుంది చూశారా, దీని తీరూ అలాంటిదే. తొక్కేటప్పుడు మోకాలితో పాటు వంగుతుంది, నేలకి కొట్టుకున్న ఆ క్షణంలో బిగుస్తుంది.

కొనేముందు లేబుల్ మీద ఈఎన్ 1621-1 అని ఉందేమో చూడండి. ఇది మోటార్ సైకిల్ నడిపేవాళ్ళ మోకాలి, మోచేతి ప్యాడ్ల కోసం పెట్టిన యూరప్ ప్రమాణం, సైకిల్ ప్యాడ్లకీ దీన్నే వాడతారు. పరీక్షలో 50 జౌల్‌ల శక్తితో దెబ్బ కొడతారు. అయిదు కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడితే ఎంతో దాదాపు అంత. ప్యాడ్ దాటి అవతలికి వచ్చే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకపోతే లెవెల్ 1, 20 మించకపోతే లెవెల్ 2. సైకిల్ ప్యాడ్లలో ఎక్కువ భాగం లెవెల్ 1 ఉంటాయి. రెండోది మందంగా ఉంటుంది, ఎక్కుడులో చెమట కారుతుంది. ఈ ప్రమాణం వల్ల మీకింకో లాభం ఉంది: మంచి సైకిల్ ప్యాడ్లు మీకు దగ్గర్లో దొరక్కపోతే, మోటార్ సైకిల్ గేర్ అమ్మే షాపుల్లో అదే గుర్తున్న మోకాలి గార్డులు దొరుకుతాయి. బరువెక్కువ, ఎక్కేటప్పుడు సంచీలో పెట్టుకుని దిగేముందు కట్టుకోవాలి. మరేం పర్లేదు, ఇక్కడా చాలామంది చేసేది అదే.

సైజు వయసుని బట్టి కాదు, టేపుతో కొలిచి తీసుకోండి. ఒక్కో కంపెనీ ఒక్కోచోట కొలవమంటుంది, వాళ్ళ పట్టికలో బొమ్మ చూసి తొడా, పిక్కా రెండూ కొలవండి. కట్టించాక గుంజీలు తీయించండి. కూర్చుని లేచేసరికి ప్యాడ్ మోకాలి చిప్ప మీద నుంచి కదిలితే ఆ సైజు వద్దు. పెరిగే పిల్లాడని ఒక సైజు పెద్దది కొంటామేమో, బట్టలకి సరే గానీ ప్యాడ్‌కి అది కుదరదు. పడ్డప్పుడు చీలమండ దగ్గరుంటుంది.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ప్యాడ్ ఆపేది నేరుగా తగిలే దెబ్బనీ, దోక్కుపోవడాన్నీ. పాదం ఒకవైపు, ఒళ్ళొకవైపు మెలిపడితే లోపల లిగమెంట్ తెగడాన్ని ఏ ప్యాడూ ఆపదు. నా దగ్గరికొచ్చే సైకిల్ మోకాళ్ళలో ఇవి తక్కువేమీ కావు, వాళ్ళలో ప్యాడ్లు కట్టుకున్నవాళ్ళూ ఉంటారు. పడ్డాక మోకాలు వాచి, కాలు మోపితే పక్కకి జారిపోతున్నట్టనిపిస్తే ఐస్ పెట్టుకుని వారం రోజులు చూద్దాం అనుకోకండి, ఎముకల డాక్టర్‌కి చూపించండి.

ఇక గీతలు. అవి ముళ్ళవే. సర్కారు తుమ్మకీ, రేగుకంపకీ షేవింగ్‌తో పని లేదు, మందపాటి ప్యాంటుతోనే పని. పల్లేరు కాయలైతే కాళ్ళ కంటే ముందు టైర్ల పని పడతాయి. ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంట్ ద్రవం పోయిస్తే చిన్న కన్నాలు వాటంతటవే పూడతాయి. మీకో తమాషా చెప్పనా? అమెరికా పడమటి రాష్ట్రాల్లో సైకిలు తొక్కేవాళ్ళు గోట్‌హెడ్ అని తిట్టుకునేది మన పల్లేరునే. ఐడహో రాష్ట్రం బోయిసీ నగరంలో జనం దాన్ని పోటీపడి పీకి, దాని పేరుతో సైకిళ్ళ పండగ కూడా చేశారు. మన వైపు పల్లేరు ఇక్కడికొచ్చింది, ఈ ఖండాల సర్కారు తుమ్మ మనకొచ్చింది. ఎవరికీ లాభం లేని బేరం.

అక్కా, ఆడవాళ్ళ మౌంటెన్ బైక్ గ్రూపులో కొత్తగా చేరాను. శనివారం రైడ్ ఉంటే శుక్రవారం కాళ్ళు నున్నగా చేసుకోకుండా వెళ్ళాలంటే సిగ్గుగా ఉంటోంది. చేసుకుని వెళితేనేమో ప్యాడ్ల కింద ఎర్రటి పొక్కులు, దురద. ఏం చెయ్యను? – ఆస్టిన్ నుంచి ఒక పాఠకురాలు

మగవాళ్ళు కాళ్ళు గీసుకుంటే ఎందుకని అడుగుతారు, మనం గీసుకోకపోతే ఎందుకని అడుగుతారు. పై తమ్ముడి ఉత్తరం పక్కన మీది పెట్టి చదివితే నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపమూ వచ్చింది. అమ్మాయ్, మా గ్రూపులో మోకాలి ప్యాడ్లు, పొడుగు సాక్సులు, వదులు నిక్కర్లు పోగా కాలు కనిపించేది జానెడు. ఆ జానెడు కూడా మొదటి మలుపు దాటేసరికి బురద. పార్కింగ్‌లో అందరూ చూసుకునేది ఎవరి గీత కొత్తది, ఎవరి కమిలిన దెబ్బ పెద్దది అని మాత్రమే.

పొక్కుల సంగతికి వస్తే, అవి వెంట్రుక కుదుళ్ళ వాపు. రేజర్ గాట్ల మీద చెమట, దుమ్ము, వారం క్రితం చెమట ఇంకిన ప్యాడ్, ఇవన్నీ కలిసి మూడు గంటలు రాపాడితే రాక ఏం చేస్తాయి? తియ్యాలనుంటే రైడ్‌కి రెండు రోజుల ముందే తీసుకోండి. వేడినీళ్ళ స్నానం తర్వాత, కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలు వైపే గియ్యండి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది నిజమే, లోపలికి తిరిగి పెరిగేవీ అప్పుడే వస్తాయి. వాక్సింగ్ చేయించుకున్న మర్నాడు ప్యాడ్ కట్టొద్దు. రైడ్ అవగానే కారెక్కే ముందే ప్యాడ్లు తీసి, ఇంటికెళ్ళగానే సబ్బుతో కడుక్కోండి. ప్యాడ్ కింద పల్చటి సాక్ లాంటి లైనర్ వేసుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. పొక్కుల్లో చీము కనిపించినా, ఎర్రదనం చుట్టూ పాకుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మీ వైపు దారుల పక్కన పాయిజన్ ఐవీ ఉంటుంది, దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. మామిడి సొన, నల్లజీడి పడితే చర్మం ఎలా పొక్కుతుందో మన ఊళ్ళలో తెలియనివాళ్ళుండరు. ఇదీ ఆ కుటుంబం మొక్కే. దాని జిడ్డు చర్మానికి తగిలిందంటే వెంట్రుకలున్న కాలైనా లేని కాలైనా ఒకటే. ప్యాడ్లకీ సాక్సులకీ అంటిన జిడ్డు కూడా తర్వాత చేతులకి అంటుతుంది, వాటినీ వేరుగా ఉతకండి.

న్యూజెర్సీలో అడవిదారుల్లో తొక్కుతాం. ఇక్కడ పిడుదుల భయం. కాళ్ళు షేవ్ చేస్తే అవి పట్టుకోవడానికి ఏమీ ఉండదని ఒక స్నేహితుడన్నాడు. నిజమా? – ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు

మీ స్నేహితుడి మాట నమ్మి బ్లేడు తియ్యకండి. పిడుదు వెంట్రుక పట్టుకుని వేలాడేది కాదు, చర్మంలోకి నోరు దించేది. వెంట్రుకల వల్ల లాభమే ఉండొచ్చనడానికి ఒక చిన్న ఆధారం ఉంది. 2011లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు 29 మంది చేతులు తీసుకుని, ఒక్కొక్కరికి ఒక చెయ్యి మాత్రం షేవ్ చేసి నల్లుల్ని వదిలారు. వెంట్రుకలున్న చేతి మీద పురుగు పాకడం మనిషికి త్వరగా తెలిసింది, నల్లికి కుట్టే చోటు వెతుక్కోవడానికి ఎక్కువ సేపు పట్టింది. అవి నల్లులు, మీవి పిడుదులు. అయినా వాదన మీ స్నేహితుడికి ఎదురే తిరుగుతోంది.

చెయ్యాల్సింది వేరే ఉంది. ప్యాంటు చివర్లు సాక్సుల్లోకి దోపుకోండి. పెర్మెత్రిన్ మందు బట్టల మీద కొట్టుకోండి, ఒంటి మీద కాదు. ఇంటికి రాగానే మోకాలి వెనక మడత, ప్యాడ్ అంచు ఆనే చోటు, గజ్జలు వెతుక్కోండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగెయ్యాలి. అగ్గిపుల్ల, కిరసనాయిలు వద్దు. తర్వాత జ్వరం గానీ, చక్రంలా విస్తరించే ఎర్రమచ్చ గానీ వస్తే పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధేమోనని డాక్టర్‌ని అడగండి.

అమ్మా, మా అబ్బాయి కెనడాలో ఉంటాడు. మొన్న విస్లర్ అనే చోట సైకిల్ మీద నుంచి పడి మోకాలి కింద జానెడు మేర దోక్కుపోయిందని వీడియో కాల్లో చూపించాడు. పసుపు అద్దరా అంటే వినడు. గాలికి ఆరనివ్వకుండా ఏదో అతికించుకుని తిరుగుతున్నాడు. కుళ్ళిపోదా? – గుంటూరు నుంచి ఒక తల్లి

వదినగారూ, మీ అబ్బాయి చేస్తున్నది సరైన పనే, బెంగ పెట్టుకోకండి. మనందరం చిన్నప్పుడు పసుపో, కాఫీ పొడో అద్దించుకునే పెరిగాం, నాకూ ఆ మచ్చలున్నాయి. కానీ మట్టిలో పడ్డ దెబ్బకి ముందు కావాల్సింది నీళ్ళు. ధారగా పడే మంచినీళ్ళతో, చుట్టూ సబ్బు పెట్టి, చాలాసేపు కడగాలి. లోపల ఇసక రేణువులు మిగిలిపోతే, పైన చర్మం మూసుకున్నాక పచ్చబొట్టులా నల్లమచ్చ ఉండిపోతుంది. అందుకే ఏడుపొచ్చినా మెత్తటి గుడ్డతో తుడిచి తియ్యాల్సిందే. అంత శుభ్రంగా కడిగినదాని మీద పొడి చల్లితే మళ్ళీ మొదటికొస్తాం.

గాలికి ఆరనిచ్చి పక్కు కట్టించడం మన అలవాటు. కాస్త తడి నిలిచేలా కప్పి ఉంచితే కొత్త చర్మం తేలిగ్గా పాకుతుంది, ఇంకా త్వరగా మానుతుంది. అతను అతికించుకున్నది అలాంటి డ్రెస్సింగే అయ్యుంటుంది. దాని కింద తెల్లగా నీరు చేరితే చీము అనుకుని భయపడకండి. వాసన, జ్వరం, ఎర్రదనం పాకడం, రోజురోజుకీ నొప్పి పెరగడం ఉంటే అప్పుడు భయపడాలి.

మీరు ఫోన్లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నావురా అని. మట్టి దెబ్బకి, చివరి డోసు వేసుకుని అయిదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. మీ అబ్బాయికి షుగర్ ఉంటే మాత్రం ఈ ఓపికలేమీ వద్దు, మొదటి రోజే డాక్టర్‌కి చూపించమనండి.

మీరు అడగలేదు గానీ చెబుతున్నాను: అంత దెబ్బ తగిలిందంటే మోకాలికి ప్యాడ్ ఉన్నా, కింది ఎముక మీద ప్యాడేమీ లేదన్నమాట. విస్లర్‌లో లిఫ్టు ఎక్కి పైకెళ్ళి, దిగడమే పనిగా తొక్కుతారు. అక్కడికి మోకాలి నుంచి చీలమండ దాకా ఒకే ముక్కగా ఉండే ప్యాడ్లు కట్టుకోవాలి. పుట్టినరోజుకి షర్టు బదులు అవి కొనిపెట్టండి.

మగపిల్లలు కాళ్ళు గీయించుకోవడం, దాని గురించి పత్రికలో చర్చ. మా రోజుల్లో సైకిలు మీద విశాఖ నుంచి భీమిలి వెళ్ళి వచ్చేవాళ్ళం, ప్యాడ్లూ లేవు, షేవింగూ లేదు. ఏమైపోతోంది ఈ తరం? – విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి

బాబాయిగారూ, ఆ భీమిలి రోడ్డు మీద గాలికి ఎదురు తొక్కినవాళ్ళంటే నాకు గౌరవం. మీ రోజుల్లో ప్యాంటు చివర చైన్‌లో పడకుండా క్లిప్పు పెట్టుకునేవారు కదా? అదీ కాలికి రక్షణే. మోకాళ్ళు ఇప్పుడెలా ఉన్నాయో రాయండి, వచ్చే నెల జవాబిస్తాను.

అక్కా, నా మోకాలి ప్యాడ్ల కంపు భరించలేక మా ఆవిడ వాటిని గరాజ్‌లోంచి కూడా బయట పెట్టేసింది. మెషిన్‌లో వెయ్యొచ్చా? ఎన్నాళ్ళకి మార్చాలి? – ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు

ఆవిడ పక్షమే నేను. లోపలి ప్యాడ్ ఊడొచ్చే రకమైతే ముందు దాన్ని తీసెయ్యండి. తొడుగుని వెల్‌క్రో పట్టీలు మూసి, లోపలి వైపు పైకి తిప్పి, చన్నీళ్ళలో కొద్దిగా సబ్బుపొడితో చేత్తో ఉతకండి. లేబుల్ ఒప్పుకుంటేనే మెషిన్‌లో, అదీ వలసంచీలో వేసి. వాసన మరీ మొండిదైతే ఉతికేముందు అరగంట వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టండి. ఊడొచ్చిన ప్యాడ్‌ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. డ్రయర్‌లో మాత్రం వద్దు, టెక్సస్ ఎండలో కారు డిక్కీలో పడెయ్యడం అసలే వద్దు. వేడికి తొడుగులో ఎలాస్టిక్ చచ్చిపోతుంది.

మార్చడానికి ఇన్నేళ్ళని లెక్క లేదు. ప్యాడ్ మీద పగులు కనిపించినా, గట్టి దెబ్బ తర్వాత పల్చబడి మళ్ళీ ఉబ్బకపోయినా మార్చండి. ఎక్కువమందికి ముందు పోయేది ఎలాస్టిక్కే. కట్టుకుని నిలబడి, పై అంచు పట్టి కిందికి లాగండి. తేలిగ్గా చిప్ప దాటి జారిందంటే కొత్త జత కొనాల్సిందే, పాతవాటికి ఇంక ఉతుకు కూడా దండగ.